పాత ట్రక్కుకు ఆక్సిజన్ సెన్సర్లు మార్చుకున్న వైనం

మా ఊరు రాజోలుకు దగ్గర. 2018 మోడలు పెట్రోలు-సీఎన్జీ చిన్న ట్రక్కును నాలుగేళ్ళ క్రితం సెకండ్ హ్యాండులో కొని, దింపు జరిగిన తోటల నుంచి కొబ్బరికాయలను అంబాజీపేట మార్కెట్టుకు చేరవేస్తున్నాను. నాకు ముందు ఆ బండిని నడిపినవారు సఖినేటిపల్లి వైపు చెరువుల నుంచి రొయ్యల ట్రేలు తోలేవారు. ట్రేలలోంచి కారిన ఉప్పునీరు ఏళ్ళ తరబడి బాడీ సందుల గుండా దిగి అడుగు ఇనుమునంతా తినేసిందని తెలిసే కొన్నాను గానీ, ఆ ఉప్పునీటికీ ఇంజిను సెన్సర్లకూ సంబంధం ఉంటుందని ఈ సంక్రాంతి వెళ్ళిన వారం వరకూ నాకు తోచలేదు.

ఆ వారంలో మీటరు బోర్డు మీద ఇంజిను గుర్తు వెలిగి, మళ్ళీ ఆరలేదు. లోడుతో కిలో గ్యాసుకు 18 కిలోమీటర్లు ఇచ్చే బండి 14కు పడిపోయింది. సీఎన్జీ బండి చల్లగా ఉన్నప్పుడు పెట్రోలుతోనే మొదలై, కాస్త వేడెక్కాక గ్యాసుకు మారుతుంది. ఆ మొదటి రెండు నిమిషాలలో సైలెన్సరు కొస దగ్గర పచ్చి పెట్రోలు వాసన వచ్చేది, వేలితో తుడిస్తే నల్లటి మసి అంటుకునేది. పాశర్లపూడి వంతెన మీదుగా అంబాజీపేట దాకా ఏకబిగిన వెళ్ళినప్పుడు ఇంజిను బాగానే నడిచేది గానీ, ఊళ్ళో ఒక తోట నుంచి మరో తోటకు ఆగుతూ ఆగుతూ తిరిగిన రోజున ఐడిలింగులో ఊగిపోయేది. ఈ తేడాయే తరువాత నాకు దారి చూపింది.

మొదట చూపించిన వర్క్‌షాపులో స్కానరు పెట్టి, రెండు ఆక్సిజన్ సెన్సర్లతోపాటు, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టరు కూడా మార్చాలని ఐదు నిమిషాలలో తేల్చారు. అంచనా కాగితం మీది మొత్తం నాకు రెండు నెలల కిరాయికి సమానం. ఆలోచించుకుని వస్తానని చెప్పి బండిని తిరిగి తెచ్చుకున్నాను. స్కానరు చూపిన లోపాల కోడ్లు మాత్రం రాయించుకున్నాను: పీ0135, పీ0141. మొదటిది కన్వర్టరుకు ముందున్న సెన్సరు హీటరు సర్క్యూట్‌కు సంబంధించినది, రెండవది దాని వెనుకనున్న సెన్సరు హీటరు సర్క్యూట్‌ది. కన్వర్టరు పని చేయడం లేదని చెప్పే పీ0420 ఆ కాగితంలో లేదు. లేని కోడుకు కన్వర్టరు ఎందుకు మార్చాలన్నది నాకు మింగుడుపడలేదు.

పని అర్థం కావాలంటే ఈ సెన్సరు ఏం చేస్తుందో కొంచెం చెప్పాలి. కిలో పెట్రోలు సరిగ్గా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి, కిలో సీఎన్జీకి సుమారు 17 కిలోల గాలి కావాలి. కన్వర్టరుకు ముందున్న సెన్సరు పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను చూసి, ఇంధనం ఎక్కువైతే దాదాపు 0.9 వోల్టులు, తక్కువైతే 0.1 వోల్టు పంపుతుంది. ఆ సంకేతాన్ని బట్టే ఇంజిను కంప్యూటరు ఇంధనాన్ని క్షణక్షణం సవరిస్తుంది. వెనుక సెన్సరు కన్వర్టరు పనితీరును గమనించే కాపలాదారు. లోపలి జిర్కోనియా అనే పింగాణీ లాంటి పదార్థపు గుల్ల సుమారు 300 డిగ్రీల వేడి దాటితేనే పని మొదలుపెడుతుంది గనుక ప్రతి సెన్సరులోనూ చిన్న హీటరు ఉంటుంది. హీటరు పోతే పొగ వేడి మీదనే ఆధారపడాలి. దూరప్రయాణంలో ఆ వేడి సరిపోతుంది, ఊళ్ళో ఆగుతూ తిరిగితే సరిపోదు. అలాంటప్పుడు కంప్యూటరు సెన్సరు మాట వినడం మానేసి, ముందే రాసిపెట్టిన లెక్క ప్రకారం కాస్త ఎక్కువ ఇంధనమే పోస్తుంది. నా బండి రెండు రకాలుగా ప్రవర్తించడానికి కారణం ఇదే.

రెండు హీటర్లూ ఒకే రోజున పోవడం వింతగా అనిపించి, మా ఊరి మెకానిక్ దగ్గరకు వెళ్ళాను. ఆయనను నేను బాబాయి అని పిలుస్తాను. కోడ్లు చూడగానే ఆయన, "ఆయ్, సెన్సర్ల సంగతి తరవాత చూద్దాం గానీ, ముందు ఫ్యూజు తియ్యి అబ్బాయ్" అన్నారు. నా బండిలో రెండు హీటర్లకూ కరెంటు ఒకే ఫ్యూజు ద్వారా వెళ్తుంది. అది మాడిపోయి ఉంది. కొత్తది పెట్టి తాళం తిప్పగానే అదీ మాడింది. ముందు సెన్సరు కనెక్టరు ఊడదీసి మూడవ ఫ్యూజు పెడితే నిలిచింది. కింద దూరి చూస్తే, తీగను పట్టి ఉంచే క్లిప్పు తుప్పుపట్టి విరిగి, తీగ జారి మానిఫోల్డుకు (ఇంజిను నుంచి పొగ బయటికి వచ్చే వేడి గొట్టానికి) ఆనుకుని, పైతొడుగు కరిగి రాగి బయటపడి ఉంది.

అంతటితో అయిపోయిందనుకున్నాను గానీ పీ0141 కూడా చెరిపినా మళ్ళీ వచ్చింది. వెనుక సెన్సరు కనెక్టరు విప్పితే పిన్నులు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. హీటరు తీగలు రెండూ ఒకే రంగులో ఉంటాయి గనుక గుర్తుపట్టడం సులువు; వాటి మధ్య మల్టీమీటరు పెడితే ఏ విలువా చూపలేదు, అంటే లోపల తెగిపోయింది. ఒకటి వేడికి కాలిపోగా, ఇంకొకటి ఉప్పునీటికి చచ్చింది. ఆ కాలిన తీగకు టేపు చుట్టవచ్చునేమో అని అడిగితే బాబాయి ఒప్పుకోలేదు. ఆ వేడి దగ్గర టేపు నిలవదు. పైగా చాలా సెన్సర్లు పొగతో పోల్చి చూసుకోవడానికి కావలసిన బయటి గాలిని తీగల సందుల గుండానే పీల్చుకుంటాయి కాబట్టి అతుకులు వేయడం మంచిది కాదు. కనెక్టరులో క్లీనరు స్ప్రే కొట్టవద్దని చెప్పడం కూడా అందుకే.

సెన్సర్లను విజయవాడ ఆటోనగర్ నుంచి తెప్పించాను. కనెక్టరు లేకుండా, పాత తీగలకు అతికించుకునే రకం సగం ధరకే దొరుకుతుందని దుకాణంవారు చెప్పినా, సెన్సరు ఒంటి మీద చెక్కి ఉన్న నంబరు ఫోటో తీసి పంపి, అదే నంబరువి అడిగాను. ముందుదీ వెనుకదీ చూడడానికి ఒకలాగే ఉన్నా తీగల పొడవులు వేరు.

ముందు సెన్సరు తీయడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. ఇంజినును కాసేపు నడిపి ఆపి, చెయ్యి కాలనంత చల్లారాక 22 ఎం.ఎం. పానాతో తిప్పితే వచ్చేసింది. ఆ వెచ్చదనానికి బిగుతు కొంత సడలుతుంది. వెనుకది మాత్రం రెండు రోజులు తీసుకుంది. దాన్ని బిగించే పీట (గొట్టం మీది మరల గుంత) చుట్టూ తుప్పు పెచ్చులుగా లేచి ఉంది. సాయంత్రం తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా నానబెట్టాము, ఉదయం మళ్ళీ కొట్టాము. తీగ ఎటూ పనికిరాదు గనుక కత్తిరించి, నిండుగా పట్టే గొట్టం పానా వేసి తిప్పితే, పావు చుట్టు తిరిగి ఆగింది. ఇక్కడే తొందరపడకూడదని బాబాయి నన్ను పక్కకు జరిపారు. పావు చుట్టు విప్పడం, మళ్ళీ కొంచెం బిగించడం, నూనె కొట్టడం, పొడిని దులపడం, ఇలా గంటన్నర సాగింది. చివరికి బయటికి వచ్చిన సెన్సరు మర మీద పీటలోని ఇనుము వెంట్రుకల్లా చుట్టుకుని ఉంది. లేతు షాపు నుంచి 18 ఎం.ఎం., 1.5 పిచ్ ట్యాపు (మరలు కోసే పనిముట్టు) అరువు తెచ్చి మరలను శుభ్రం చేస్తే, మొదటి రెండు చుట్లు పోయినా మిగిలినవి నిలిచాయి.

కొత్తవాటి మరలకు కంపెనీ గ్రీజు ముందే పూసి ఉంటుంది. మొన తగలకుండా పట్టుకుని, మూడు నాలుగు చుట్లు చేత్తోనే ఎక్కించి, దాదాపు 45 న్యూటన్ మీటర్లకు బిగించాము. సిలికాన్ ఆవిరి ఈ సెన్సర్లకు విషం కాబట్టి ఆ చుట్టుపక్కల సిలికాన్ పేస్టు వాడనివ్వలేదు. ముందు తీగకు కొత్త క్లిప్పు వేసి, మానిఫోల్డుకు జానెడు దూరంలో కట్టాను.

కోడ్లు చెరిపి, చిన్న బ్లూటూత్ స్కానరు పెట్టి ఫోనులో చూశాము. రెండు నిమిషాలు తిరగకముందే ఓపెన్ లూప్ (కంప్యూటరు సెన్సరు మాట వినని స్థితి) పోయి క్లోజ్డ్ లూప్ (వినే స్థితి) అని కనిపించింది. ముందు సెన్సరు గీత 0.1కీ 0.9కీ మధ్య చకచకా పైకీ కిందికీ ఊగుతోంది, వెనుకది 0.7 దగ్గర కదలకుండా సాగుతోంది. కన్వర్టరు చచ్చి ఉంటే వెనుక గీత కూడా ముందుదానిలాగే ఊగేది. పది నిమిషాలు చూసినా అది ఊగలేదు. మార్చాలన్న కన్వర్టరు నిక్షేపంలా ఉంది.

మూడు వారాల లెక్కలో కిలో గ్యాసుకు 17 పైన వస్తోంది, పొల్యూషన్ పరీక్షలోనూ పాసయింది. వెనుక పీట మాత్రం ఇంకొకసారి విప్పడానికి తట్టుకోదని బాబాయి అన్నారు. సైలెన్సరు గొట్టం మార్చే రోజున అక్కడ స్టెయిన్‌లెస్ స్టీలు పీట వెల్డింగు చేయించాలని నిర్ణయించుకున్నాము.