పేరు మధ్యలో పావు

మొన్న సోమవారం మా ఆఫీసులో అకౌంట్స్ చూసే పెద్దావిడ నా మెయిల్ ఒకటి ప్రింటు తీసి తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. ఆమె ఇంటిపేరులో యూ మీద రెండు చుక్కలుంటాయి. ఆ చోట నెత్తిన మెలిక గీతతో ఒక పెద్ద ఏ, పక్కనే పావు గుర్తు. "ఇది నాలుగోసారి. ఈ పావు నాది కాదు" అని వెళ్లిపోయింది. ఈ జర్మనీ వాళ్లు అరవరు, అరిచినా బాగుండేది.

నాకు మండింది. మూడేళ్లయింది వచ్చి, నా పేరు ఇక్కడ ఒక్కరు సరిగ్గా పలకరు. ముందు హెర్ తగిలించి ఇంటిపేరుతో పిలుస్తారు, విన్న ప్రతిసారీ నాయినను పిలిచినట్టుంటుంది. నేనెప్పుడన్నా ప్రింటు తీసుకుపోయి ఎవరి ముందన్నా పెట్టానా? ఒక్క అక్షరానికి ఇంత లొల్లా?

కోపం తగ్గాక మెయిల్ సెట్టింగుల ఫైలు తెరిచాను. నేను సర్వర్ల పని చేస్తాను, మెయిల్ కూడా కమాండ్లు కొట్టే ఆ నల్ల తెర, అంటే టెర్మినల్ మీదే, మట్ అనే మెయిల్ ప్రోగ్రాంలో. ఆ ఫైలు నేను రాసింది కాదు, చేరిన కొత్తలో ఒక సీనియర్ దగ్గర కాపీ కొట్టింది. అందులో చార్‌సెట్, అంటే అక్షరాలను అంకెలుగా మార్చే పద్ధతి, ఐఎస్‌ఓ-8859-1 అని ఒక లైను, అక్షరానికి ఒక్క బైటుతో, అంటే 0 నుంచి 255 లోపు ఒక్క అంకెతో సరిపెట్టుకున్న రోజులది. నా టెర్మినలేమో అన్ని భాషలకూ పనికొచ్చే యూటీఎఫ్-8, అందులో ఆ చుక్కల యూ రెండు బైట్లు: 195, 188. మట్ వాటిని మెలిక ఏ, పావు అనే రెండు వేరే అక్షరాలనుకుని, 8859-1 అని చీటీ అంటించి పంపుతోంది. రాసేటప్పుడు ఎడిటర్‌లో నాకంతా బాగానే కనిపిస్తుంది, అక్కడే మోసపోయాను.

ఆ లైను తీసేశాను. తీసేస్తే మట్ లొకేల్‌ను, అంటే కంప్యూటర్‌లోని భాష, అక్షరాల సెట్టింగును చూసి తనే తెలుసుకుంటుంది, కాకపోతే లొకేల్ యూటీఎఫ్-8లో ఉండాలి. పంపే మెయిల్‌కు ఏ పద్ధతి వాడాలో చెప్పే సెండ్ చార్‌సెట్‌లో యూఎస్-ఆస్కీ (ఉత్త ఇంగ్లీషు అక్షరాలది), కోలన్, యూటీఎఫ్-8 అని పెట్టాను. వరుసలో ఏది ముందు సరిపోతే అదే వాడుతుంది. పంపే ముందు కంపోజ్ తెర మీద ఏ చార్‌సెట్‌తో పోతోందో చూపిస్తూనే ఉంది, ఇన్నాళ్లూ నేనే చూడలేదు.

అప్పుడు గుర్తొచ్చాడు తమ్ముడు. వాడు మిర్యాలగూడలో రైసుమిల్లు లెక్కలు రాస్తాడు. పోయినేడు తెలుగులో మెయిల్ పంపితే "అన్నా, ఏందిది, అన్నీ ఏ మీద గీతలు, డిగ్రీ గుర్తులే ఉన్నయి" అన్నాడు. నీ ఫోన్ల ఫాంట్ లేదురా అని వాడినే తిట్టాను. తెలుగు అక్షరం ఏదైనా యూటీఎఫ్-8లో మూడు బైట్లు, మొదటిది ఎప్పుడూ 224, రెండోది 176 లేదా 177. 8859-1లో 224 అంటే ఏ మీద గీత, 176 అంటే డిగ్రీ. పాపం, వాడు చూసింది చూసినట్టే చెప్పాడు.

ఇంకోటి కూడా గుర్తొచ్చింది, అది రాకపోయినా బాగుండేది. నాయిన పట్టా పాసుబుక్కులో పేరుకు దీర్ఘం పోయింది. నాట్ల రోజుల్లో పని వదులుకుని ఆ దీర్ఘం కోసం ఎన్ని పొద్దులు తిరిగాడో. అక్కడ కుర్చీలో ఉన్నాయన అన్న మాట నాయిన ఇప్పటికీ చెబుతాడు: "ఒక్క అక్షరానికి ఇంత లొల్లా?"

మర్నాడు ఆవిడకు మెయిల్ పెట్టాను, చుక్కలు చుక్కల్లాగే పోయాయి. జవాబులో ఇన్‌వాయిస్ సంగతి తప్ప ఇంకేం లేదు. తమ్ముడికి పాత మెయిలే మళ్లీ పంపాను. "ఇప్పుడు మంచిగ వచ్చిందన్నా, నాయినకు చదివి వినిపించిన. వడ్ల పైసలు ఇంకా పడలే" అని రాశాడు.