ఒడిశా కార్డు, వైజాగ్ కౌంటరు: నాన్నకు మెదడులో రక్తస్రావమైనప్పుడు నా అనుభవం

నాన్నను ఇంటికి తెచ్చి నాలుగు రోజులైంది. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను.

మాది ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు పక్కనున్న పర్లాకిమిడి. ఆ రోజు పొద్దున్న తల పగిలిపోతోందన్నాడు, రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. చూస్తుండగానే మాట ముద్దగా అయిపోయింది, కుడి చెయ్యి వేలాడిపోయింది. పక్కింటి పిన్ని నిమ్మరసం పట్టమంది. నేనూ ఒక చెంచా పోసేశాను, అది పొలమారి ఊపిరాడలేదు. అలాంటప్పుడు సరిగా మింగలేరట, నోట్లో ఏమీ పోయకూడదట. డాక్టరు చేత తిట్లు తిన్నాక తెలిసింది.

పాతపట్నం మీదుగా శ్రీకాకుళం. బీపీ 220/120. సీటీ తీస్తే ఎడమవైపు లోపల నరం చిట్లిందన్నారు. రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ చేయించమని మా బావ ఫోన్లో ఒకటే గోల. అది గడ్డ అడ్డుపడిన పక్షవాతానికి. నరం చిట్లినవాళ్ళకి ఇస్తే ప్రాణం మీదికొస్తుంది. అందుకే ముందు స్కాన్. "బాగానే ఉన్నాను కదా" అని నాన్న రెండు నెలల కిందటే బీపీ మాత్రలు మానేశాడు.

సాయంత్రానికి వైజాగ్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి, ఐసీయూ. వైద్యానికి వంక పెట్టను. ఆపరేషన్ అక్కర్లేదన్నారు, వాపు తగ్గడానికి మానిటాల్ ఎక్కించారు, మర్నాడు మళ్ళీ సీటీ తీసి రక్తం పెరగలేదన్నారు. మమ్మల్ని చంపింది కింద ఉన్న కౌంటరు.

ఆసుపత్రి ఖర్చు సర్కారే కట్టే ఆయుష్మాన్ కార్డు ఇచ్చాను. అక్కడి కుర్రాడికి నా వయసులో సగం ఉండదు. కార్డు తిరగేసి, "ఒడిశా వాళ్ళా? తెలుగు బాగానే మాట్లాడుతున్నావే" అన్నాడు. 1936లో మా ఊరిని ఒడిశాలో కలిపినప్పుడు మా తాతను ఎవరూ అడగలేదు బాబూ అందామనుకుని ఊరుకున్నాను. కార్డులో మా ఇంటిపేరు పాత్రో, ఆధార్‌లో పాత్రుడు. మా వీధిలో సగం ఇళ్ళది ఇదే బాధ. ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ తెమ్మన్నాడు. "ఎవరో ముసలాణ్ణి తెచ్చి మా నాన్నంటే నమ్మేయాలా?" అని లైన్లో అందరి ముందూ అన్నాడు.

అమ్మను ఐసీయూ బయట ఒక్కర్తినే వదిలేసి రాత్రి బస్సెక్కాను. నోటరీ చేయించి మర్నాడు సాయంత్రానికి తెచ్చాను. కాగితం విప్పనైనా లేదు. "వేరే రాష్ట్రం కార్డు మీద ఈ కేసు తీసుకోం, డిపాజిట్ కట్టండి" అన్నాడు. ఆ ముక్క మొదటిరోజే చెప్పడానికి నోరు రాలేదా? నేను బడిలో ఒడియా చదివి, తెలుగు అమ్మ దగ్గర పలక మీద దిద్దుకున్నవాణ్ణి. రెండూ తప్పుల్లేకుండా రాస్తాను. ఆ మహానుభావుడు ఇచ్చిన రసీదులో నాన్న పేరుకి రెండు తప్పులు!

అమ్మ గాజులు తాకట్టు పెట్టి కట్టాం. నేరుగా వైజాగ్ పెద్దాసుపత్రికి, అదే సర్కారు కేజీహెచ్‌కి పోవాల్సిందని బావ ఇప్పటికీ దెప్పుతాడు.

బండిలో ఉండగానే ఆయుష్మాన్ హెల్ప్‌లైన్ 14555కి ఫోన్ చేసి, ఫలానా ఆసుపత్రిలో ఈ జబ్బుకి కార్డు నడుస్తుందా అని అడగండి. కార్డు తీసుకునే ఆసుపత్రుల్లో ఆరోగ్య మిత్ర అని ఒకరుంటారు, కౌంటరుతో వాదించకుండా ముందు వాళ్ళను వెతకండి. ఇదంతా నాకు ఐదోరోజు తెలిసింది. పెద్దవాళ్ళ ఇంటిపేర్లు అన్ని కార్డుల్లో ఒకేలా ఉన్నాయేమో ఈ రాత్రే చూసుకోండి.

నాన్నకు మాట కొంచెం తిరిగొచ్చింది. కుడి చేతికి పట్టు రాలేదు, రోజూ ఫిజియోథెరపీ చేయిస్తున్నాం. నిన్న బ్యాంకులో సంతకం కుదరక ఎడమ బొటనవేలి ముద్ర వేయించాం.