పాలపిట్ట రెక్క: పదకొండోదీ పాయె

ఎగిరే పాలపిట్ట రెక్కను నీటిరంగుల్లో (వాటర్‌కలర్) వేయాలని చూస్తున్నా, పదకొండో కాగితం కూడా పాయె. అదీ ఈమధ్య ప్రతిసారీ పాడయ్యే చోటే పాడైంది. రెక్క కొసకు రెండు సెంటీమీటర్లు ఇవతల, లేతనీలం పట్టీ నడుమ, కాలీఫ్లవర్‌ను అడ్డంగా కోసి అద్దినట్టు ఒక పువ్వు పూసి కూర్చుంది. మా అమ్మ కళ్ళజోడు తుడుచుకొని మరీ చూసి, "ఏందిరా ఇది, లుంగీ రంగు దిగినట్టుండాది" అనింది. కోపం కూడా రాలేదు, అచ్చం అట్లానే ఉంది మరి.

ఈ నెలలో మిగతావి బాగానే వచ్చాయి. రాయలచెరువు కొంగలు రెండు, పెరట్లో మందారం మీద తేనెపిట్ట ఒకటి. కొంగకు కాగితం తెలుపే సరిపోయింది, కడుపు కింద నీడ తప్ప ఏమీ వేయలేదు.

తీగ మీద వాలిన పాలపిట్ట కూడా ఎప్పుడో కుదిరింది. రొమ్ముకు బర్న్ట్ సియెనా అనే ఎర్రమట్టి రంగులో చిటికెడు రోజ్, అంతే. కానీ ఆ పిట్ట వాలినప్పుడు సగం మట్టిరంగే. ఎగిరితేనే అసలు సంగతి: ముదురునీలం, లేతనీలం పట్టీలు పక్కపక్కన తళుక్కుమంటాయి. చెరువుకట్ట మీద కూర్చొని దాని కోసం మూడు ఆదివారాలు ఎదురుచూశాను. మేకలు తోలుకొచ్చిన పెద్దాయన ఒకరు, "ఏం సామీ, కరెంటాఫీసోడివా, తీగల్నే చూస్తా ఉండావు" అన్నారు. సంగతి చెబితే, "వాలిండేదాన్ని గీసుకుంటే పోలా? ఎగిరేదాన్నే గీయాల్నా?" అన్నారు. పదకొండు కాగితాల తర్వాత ఆయన మాటే రైటనిపిస్తా ఉంది.

లెక్కలు చెబుతాను. ఏ4 కాగితం, 300 జీఎస్ఎం (మందపాటిది), కోల్డ్ ప్రెస్ (కాస్త గరుకుది). రెక్క పొడవు 13 సెంటీమీటర్లు, లేత పట్టీ వెడల్పు ఒకటిన్నర. మొదటి ఐదు ప్రయత్నాల్లో లేతనీలానికి ఇంట్లో ఉన్న 'సెరులియన్ హ్యూ' ట్యూబు వాడాను. అది గంటసేపు ఆరాక పక్కన ముదురునీలం వేస్తే, కుంచె తగలగానే లేతనీలం లేచి ముదురులోకి పాలు కలిసినట్టు పాకింది. ముందు బోరునీళ్ళ మీద అనుమానపడ్డాను, మా వీధి నీళ్ళకు బకెట్టు అంచున తెల్లగా ఉప్పు కడుతుంది. ఫిల్టర్ నీళ్ళతో వేసినా అదే వరస. కాగితం మార్చాను, అదే. ఆరోసారి మాస్కింగ్ ఫ్లూయిడ్ (రంగు అంటకుండా పూసి, తర్వాత లాగేసే రబ్బరు ద్రవం) పూసి రాత్రంతా వదిలేశాను. ఈ ఎండలకు అది కాగితానికి కరుచుకుపోయి, పొద్దున లాగితే పైపొరతో సహా ఊడొచ్చింది. ఎండాకాలంలో పూసిన గంటలోపే తీసేయాలి, లేదా దాని జోలికే పోకూడదు.

అప్పుడు గానీ ట్యూబు వెనక చిన్నక్షరాలు చదవాలన్న బుద్ధి పుట్టలేదు. అసలు సెరులియన్ అయితే అక్కడ పీబీ35 గానీ పీబీ36 గానీ (రంగుపొడుల కోడ్‌లు ఇవి) ఉండాలి. ఇందులో ఉన్నది థాలో బ్లూ అనే వేరే నీలం, దానికి తోడు తెలుపు. ఆ పాలతనం అక్కడిదే. పాడైన కాగితాలనే 5 సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, వట్టి థాలో బ్లూ గ్రీన్ షేడ్, అంటే పీబీ15:3, బాగా పల్చగా వేసి చూశాను. ఆరిందంటే కాగితాన్ని వదలదు, పక్కన ఏది వేసినా కదల్లేదు. ముదురుకు అల్ట్రామెరీన్, చుక్క వయొలెట్. అల్ట్రామెరీన్ వరకు నాకు కామ్లిన్ ఆర్టిస్ట్ ట్యూబే చాలు, దానికి ఇంపోర్టెడ్ కొనడం దండగ. థాలో మాత్రం విన్సర్ అండ్ న్యూటన్ అనే విదేశీ కంపెనీది, చిన్న ట్యూబు ఏళ్ళ తరబడి వస్తుంది.

ఏడు ముక్కలకు ఏడూ బాగొచ్చాయి. ఎగిరి గంతేశాను. తీరా కాగితం మీద వేస్తే ఎనిమిది నుంచి పదకొండు దాకా నాలుగింటికీ పువ్వే, నాలుగింటిలోనూ అదే చోట.

ముక్క మీద కుదిరింది కాగితం మీద ఎందుకు కుదరదు? ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టాను. గది 36 డిగ్రీలు, ఫ్యాన్ రెండులో. వాష్ (పల్చగా పరిచిన రంగు) మీద తడి మెరుపు 50 సెకన్లకు పోతుంది. ఫ్యాన్ ఆపితే నిమిషం నలభై. ముక్క మీద పట్టీ వేయడానికి 6 సెకన్లు పడుతుంది. రెక్క మీదైతే ఈకల అంచులు తిప్పుకుంటూ పోయేసరికి 70. ఫ్యాన్ ఆపి వేసినా పువ్వు పూసిందంటే ఆరడం ఒక్కటే కారణం కాదు. పన్నెండోది వేస్తున్నట్టు నటిస్తూ వట్టి నీళ్ళతో కుంచె నడిపి చూశాను. నా ఎనిమిదో నంబర్ సింథటిక్ కుంచెలో నీళ్ళు సరిగ్గా 11 సెంటీమీటర్ల దగ్గర అయిపోతున్నాయి! అక్కడ మళ్ళీ ముంచుతున్నా. ఆ నిండు చుక్క సగం ఆరిన వాష్‌లోకి దిగి రంగును వెనక్కి నెడుతోంది. 13లో 11 తీసేస్తే రెండు. పువ్వు పూసేది అక్కడే.

గ్లిజరిన్ కూడా ప్రయత్నించాను, 100 మిల్లీలీటర్ల నీళ్ళకు రెండు చుక్కలు. ఆరడం కాస్త నెమ్మదించింది గానీ నా చెయ్యి ఊరుకోక ఐదు చుక్కలు చేశాను. మర్నాటికీ వేలికి అంటుకుంటూనే ఉంది.

ఇక పెద్ద కుంచె కొనాల్సిందే. పన్నెండో నంబరా, నీళ్ళు ఎక్కువ పట్టే గుండ్రటి మాప్ బ్రషా అన్నది తేల్చుకోలేదు. ఉడుత వెంట్రుకల్లాగా నీళ్ళు పట్టే సింథటిక్‌లు ఇప్పుడు వస్తున్నాయి, నా మొగ్గు అటే. ఎవరైనా ముంగిస వెంట్రుకల బ్రష్ చూపిస్తే మాత్రం వద్దనండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ముంగిసకు రక్షణ ఉంది, ఆ బ్రష్‌లు అమ్మడం నేరం. పిట్టల్ని గీస్తూ ముంగిసల ఉసురు పోసుకోవడమేంది.

ఇంకో తప్పు కూడా నాదే. రంగును ఫోన్ తెరతో పోల్చుకుంటున్నా. ఈ పిట్ట ఈకలో నీలిరంగు పదార్థమంటూ ఏదీ లేదు, ఈక లోపలి అమరిక వెలుతురును చెదరగొట్టడం వల్ల నీలంగా కనిపిస్తుంది. అందుకే ఎండలో భగ్గుమనే రెక్క, ఎదురు వెలుతురులో వట్టి నల్లగా ఉంటుంది. కాబట్టి ఈ ఆదివారం పొద్దున ఆరుకే కట్ట మీదికి పోయి, వెలుతురు నా వీపు వైపు ఉండేట్టు కూర్చొని, రంగులు అక్కడే కలిపి శాంపిల్ గీతలు గీసుకొస్తాను. ఇంట్లో రెక్కను రెండు భాగాలుగా, ఒక ఈక అంచు దగ్గర ఆపి వేస్తా.

అప్పటికీ పువ్వు పూస్తే దీన్ని వదిలేసి శేషాచలం పసుపుగొంతు పికిలిపిట్టను (బుల్బుల్) గీయడం మీద పడతాను, కాకుంటే చలికాలం దాకా ఆగి నేలపట్టు పక్షుల కేంద్రానికి పోయి గూడబాతుల్ని (పెలికన్లను) గీస్తాను. వాటికి బూడిదరంగు చాలు.