అద్దె డబ్బులు నిజంగా వృథాయేనా?

మొన్న ఆదివారం నేనూ మా ఆవిడా కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నాం. వచ్చే నెలతో అద్దె అగ్రిమెంట్ అయిపోతుంది, ఈలోపు చూసొచ్చిన ఇల్లొకటి ఇద్దరికీ బాగా నచ్చింది. అమ్మయితే ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట: "ఎన్నాళ్లురా ఇలా ఒకరి చేతిలో పోయడం? అదే డబ్బు ఈఎంఐ కడితే ఇల్లు మీదవుతుంది కదా!"

నేనూ చాలాకాలం అలాగే నమ్మాను. లెక్క వేశాక నమ్మకం సడలింది. 9 శాతం వడ్డీకి 20 ఏళ్ల అప్పు తీసుకుంటే ప్రతి 100కీ మొత్తం 216 దాకా కడతాం. నాకు మింగుడుపడనిది అది కూడా కాదు. మొదటి ఈఎంఐలో 83 శాతం వడ్డీకే పోతుంది, ఐదేళ్లపాటు ఒక్క నెల కూడా తప్పకుండా కట్టినా 100లో ఇంకా 89 దాకా బాకీ ఉంటుంది, అసలు సగానికి దిగాలంటేనే 14 ఏళ్లు పడుతుంది. మరి అద్దె ఎలా పోతుందో వడ్డీ కూడా అలాగే పోతోంది కదా? ఆ వడ్డీ, ఆస్తి పన్ను, రిపేర్లు, డౌన్ పేమెంట్ చేతిలోనే ఉంటే దాని మీద వచ్చే రాబడి, ఇవన్నీ కలిపి అద్దె పక్కన పెట్టి చూశాం. మా అద్దె అందులో సగం కూడా లేదు.

అలాగని అద్దె కొంపలో అంతా హాయి అని చెప్పను. రెండేళ్ల కిందట ఓనర్ నెల రోజుల్లో ఖాళీ చేయమన్నారు, సరిగ్గా పాప పరీక్షలప్పుడు. పగలంతా ఇల్లు వెతకడం, రాత్రి సామాన్లు సర్దడం. ఆ టెన్షన్‌ని ఏ లెక్కలో వేస్తాం? అద్దె ఏటా పెరుగుతుంది కూడా. పదేళ్లు, పదిహేనేళ్లు ఒకేచోట ఉంటామని గట్టిగా తెలిసినవాళ్లు కొనుక్కోవడమే మంచిదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

మాకు ఆ సంగతే తెలియదు. మూడేళ్లలో నా ఉద్యోగం వేరే ఊరికి మారొచ్చు. అంత తొందరగా అమ్మాల్సివస్తే కొన్నప్పటి రిజిస్ట్రేషన్ ఖర్చు, అమ్మేటప్పటి బ్రోకర్ కమీషన్ రెండూ మా నెత్తినే పడతాయి, ధర ఆ మాత్రం పెరగకపోతే నష్టమే.

అందుకే ప్రస్తుతానికి అద్దెకే ఉంటున్నాం. ఒక్క షరతు పెట్టుకున్నాం: ఈఎంఐకీ అద్దెకీ ఉన్న తేడా జీతం పడిన రోజే వేరే ఖాతాలోకి వెళ్లిపోవాలి. అది ఖర్చయిపోతే పైన వేసిన లెక్కంతా తప్పు, అమ్మ మాటే కరెక్ట్. ఈసారి అగ్రిమెంట్‌లో ఖాళీ చేయమనడానికి మూడు నెలల గడువు రాయమని అడిగాం. ఓనర్ ఒప్పుకున్నారు.