గోస్తనీ ముఖద్వారంలో గేలం పాఠం

భీమిలిలో నేను మొదట పట్టింది ఒక రాయిని. పట్టాక అదే నన్ను వదలలేదు.

విశాఖపట్నం నుంచి బీచ్ రోడ్డు మీదుగా రుషికొండ, తొట్లకొండ, మంగమారిపేట దాటి, గోస్తనీ నది బంగాళాఖాతంలో కలిసే చోటికి తెల్లవారేసరికి చేరుకున్నాను. అనంతగిరి కొండల్లో పుట్టి బొర్రా గుహల గుండా వచ్చే ఈ ఏరు ఇక్కడ ఉప్పునీరై, పోటు వేళ వెనక్కి నడుస్తుంది. మా వీధికి చేపల గంప తెచ్చే ఆమె భర్త నాకు గురువు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవలకు వేట నిషేధం కనుక ఆయన పడవ ఒడ్డున ఉంది, ఆయనకు తీరిక ఉంది.

ఆయన ఇచ్చిన వెదురు గెడ సుమారు 12 అడుగులు. దారం చుట్టే చక్రం లేదు, దారం గెడ కన్నా కాస్త పొట్టిది. దాన్ని కొసన ముడివేసి ఊరుకోకుండా మూరెడు కిందికి చుట్టి మళ్లీ కట్టాడు; కొస విరిగినా చేప దారంతో పాటు పోకూడదట. బెండు పాత హవాయి చెప్పు ముక్క. అది సగం మునిగి నిలబడేంత సీసం మాత్రమే వేయాలి. ఒలిచిన రొయ్యను తోక వైపు నుంచి గుచ్చి, గేలం ముల్లు కప్పీ కప్పనట్టు ఉంచాలి. బెండు వణికితే చిన్నచేప కొరుకుతున్నట్టు, పక్కకు జారినా మునిగినా మణికట్టుతో ఎత్తాలి, భుజంతో కాదు.

ఇవన్నీ వింటూనే మూడోసారి విసిరినప్పుడు గేలం రాళ్లలో చిక్కింది. నేను గెడను విల్లులా వంచి బలంగా లాగాను.

"లాగీకు బాబూ, గెడ విరిగిపోద్ది. ముందు వదులియ్యి" అన్నాడు.

దారం వదులు చేస్తే బరువు వెనక్కి జారి గేలం తానే ఊడుతుందేమోనని కాసేపు చూశాం, ఊడలేదు. తరువాత ఆయన దారాన్ని బిగించి, వేళ్లతో వీణ తీగలా మీటి వదిలాడు. ఆ అదురుకు చాలాసార్లు వస్తుందట. అప్పటికీ రాకపోవడంతో ఒడ్డు వెంట పది అడుగులు నడిచి, గేలం వెళ్లిన దిక్కుకు ఎదురు నుంచి మెల్లగా లాగాడు. టక్కున వచ్చింది. నాలుగో పద్ధతి మరో రాయి దగ్గర నేర్చుకున్నాను: గెడను పక్కన పెట్టి, దారాన్ని చేతికి కాక కర్రముక్కకు చుట్టి, తిన్నగా లాగడం. చేతికి చుట్టుకుంటే సన్న నైలాన్ చర్మాన్ని కత్తిలా కోస్తుంది. గేలం పై జానెడు దారం అసలు దారం కన్నా సన్నగా ఉంటుంది కాబట్టి అదే తెగుతుంది, బెండు మిగులుతుంది. తెగిన ముక్కల్ని ఆయన జేబులో వేసుకున్నాడు. కొంగల కాళ్లకు చుట్టుకుంటాయని.

ఎండెక్కేసరికి ఒక జెల్ల పడింది. దాని వీపు, చెంపల ముళ్లు గుచ్చుకుంటే చెయ్యి సలుపుతుందని ఆయనే గుడ్డతో పట్టి విడిపించాడు.

జెల్ల ఒకటి, పోయిన గేలాలు నాలుగు. లెక్క విన్న ఆయన భార్య మర్నాడు మా గుమ్మం ముందు గంప దించుతూ, "నా గంపలోదే సవక బాబూ" అంది.