నాన్న ఎఫ్‌డీ అనుకున్నది యులిప్ అని తేలాక

ఉగాదికి తెనాలి వెళ్లినప్పుడు నాన్న బీరువాలోంచి ఒక లావుపాటి కవరు తీసి చూపించారు. "రెండు లక్షలు ఎఫ్‌డీ వేశానమ్మా, ఐదేళ్లకి. బ్యాంకు అబ్బాయే ఇంటికొచ్చి సంతకాలు పెట్టించుకున్నాడు."

ఎఫ్‌డీ అంటే ఒక కాగితం ఇస్తారు. ఇది నలభై పేజీలుంది.

మొదటి పేజీలోనే, పెట్టుబడి రిస్కు పాలసీదారుడిదే అని ఉంది. కింద యూఐఎన్ (ఆ రకం పాలసీకి ఇచ్చే గుర్తింపు) నంబరు మధ్యలో ఎల్ అనే అక్షరం. మార్కెట్‌తో ముడిపడిన పాలసీ అయితే ఎల్, కాకపోతే ఎన్ ఉంటుంది. అంటే యులిప్, కొంత బీమా, మిగతాది మార్కెట్ పెట్టుబడి. ప్రీమియం కట్టాల్సిన కాలం పదేళ్లు. ఒక్కసారి కట్టి ఊరుకునేది కాదు, ఏటా రెండు లక్షలు! నాన్న పెన్షన్‌లో సగానికి పైగా దీనికే పోతుంది. "ఫోన్ వస్తే అన్నిటికీ అవునని చెప్పమన్నాడు, చెప్పాను" అన్నారు తల వంచుకుని. ఆ మాటకి నాకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది.

పాలసీ కాగితాలు చేతికందాక 30 రోజుల్లోపు నచ్చలేదని వెనక్కిచ్చేయొచ్చు. ఫ్రీ లుక్ అంటారు. 2024 దాకా మామూలుగా 15 రోజులే ఉండేది. మాకు అప్పటికే 18 రోజులు గడిచాయి.

బ్యాంకుకి వెళ్తే, "ఇప్పుడు తీస్తే నష్టం మేడమ్, ఐదేళ్లు లాక్ ఇన్ ఉంది" అన్నారు. ఐదేళ్ల దాకా డబ్బు తీయలేమన్న ఆ లాక్ ఇన్ నిజమే, కానీ ఫ్రీ లుక్‌కి అది అడ్డు కాదు. ఆ మాట అనగానే మేనేజరు సెలవులో ఉన్నారు, గురువారం రండి అన్నారు. గురువారం వెళ్తే సోమవారం అన్నారు. రోజులు కరిగిపోవడమే వాళ్లకి కావాలని అప్పుడర్థమైంది. ఇంక బ్యాంకుని వదిలేసి, 27వ రోజున విజయవాడలో బీమా కంపెనీ ఆఫీసుకే వెళ్లి ఉత్తరం ఇచ్చి, జిరాక్సు మీద తేదీతో ముద్ర వేయించుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత మెసేజ్: గడువు దాటింది, కుదరదు. పాలసీ ఈమెయిల్‌లో ముందే పంపామట. ఏ ఈమెయిల్‌కి? నాన్నకి అసలు ఈమెయిలే లేదు. దరఖాస్తులో ఎవరో తోచిన అడ్రసు రాసిపెట్టారు.

ఇక్కడ మమ్మల్ని కాపాడింది నాన్న పిసినారితనం. కవర్లు పారేయరు, వెనక వైపు సరుకుల చిట్టా రాసుకోవచ్చని. పాలసీ కాగితాలు వచ్చిన స్పీడ్ పోస్టు కవరు మీద ముద్ర, తేదీ అలాగే ఉన్నాయి.

మ్యూచువల్ ఫండ్‌లాగే యూనిట్లు, ఎన్ఏవీ (ఒక్కో యూనిట్ ధర) ఉన్నాయి కదా, షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీకి రాయాలేమో అనుకున్నాను మొదట. ఈ సందేహం పెద్ద పెద్ద సంస్థలకే వచ్చిందని తర్వాత తెలిసింది. 2010 ఏప్రిల్‌లో సెబీ 14 బీమా కంపెనీలను యులిప్‌లు అమ్మొద్దంది, బీమా రంగాన్ని నియంత్రించే ఐఆర్‌డీఏ (ఇప్పటి ఐఆర్‌డీఏఐ) అమ్ముకోండి అంది. జూన్‌లో కేంద్రం ఆర్డినెన్సు తెచ్చి బీమా వాళ్ల వైపే తేల్చింది. కాబట్టి మ్యూచువల్ ఫండ్ అయితే సెబీ, యులిప్ అయితే ఐఆర్‌డీఏఐ. దాని ప్రధాన కార్యాలయం హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోనే. రోజూ ఆ దారినే ఆఫీసుకెళ్తాను, ఎప్పుడూ పట్టించుకోలేదు.

కవరు ఫొటో, ముద్ర వేసిన జిరాక్సు జతచేసి ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి పంపాను, తర్వాత ఐఆర్‌డీఏఐ వాళ్ల ఫిర్యాదుల పోర్టల్ బీమా భరోసాలోనూ పెట్టాను. అక్కడా తేలకపోతే లక్డీకాపూల్ దగ్గరున్న బీమా తగాదాలు తేల్చే అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్దామనుకున్నాను. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. అంత దూరం పోలేదు. పన్నెండో రోజున 1,97,840 రూపాయలు పడ్డాయి.

"మిగతా 2,160 ఏవీ?" అన్నారు నాన్న. యూనిట్ల ధర కొంచెం తగ్గింది, స్టాంపు డ్యూటీ, అన్ని రోజులు మీ ప్రాణానికి 20 లక్షల బీమా ఉన్నందుకు కొంత, అని చెప్పాను.

"అయితే ఆ రోజుల్లో పోయుంటే 20 లక్షలు వచ్చేవా?"

వంటింట్లోంచి అమ్మ గరిటెతో సహా వచ్చింది.