పునాదికి ముందు కావలసిన డబ్బు

చిన్న జీతాల వాళ్ళు కట్టుకోగలిగే అద్దెల్లో ఇళ్ళు కట్టించే ఒక సంస్థకి పెద్ద విరాళాలు తీసుకురావడం నా ఉద్యోగం. మేజర్ గిఫ్ట్స్ అంటారు. ఆన్‌లైన్లో వెయ్యి మంది తలా కాస్త వేసే విరాళాలు వేరే టీమ్ చూసుకుంటుంది. నా పని ఒక్కొక్క మనిషితో నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి మాట్లాడి, వాళ్ళ సంపాదనలో చెప్పుకోదగ్గ భాగం ఇళ్ళకి వచ్చేలా చూడటం. ఈ పని గురించి విన్నవాళ్ళు ముందుగా అడిగేది, "అంతంత డబ్బు అడగడానికి మొహమాటంగా ఉండదా?" అని. ఉండదు. నేను అడిగేది నా కోసం కాదు కదా. కష్టమంతా ఇంకోచోట ఉంది. దాతలకి డబ్బు ఎక్కడ పెట్టాలనిపిస్తుందో, మాకు ఎక్కడ కావాలో ఆ రెండూ ఒకటి కావు. అందరూ తాళంచెవి చేతికిచ్చే రోజు కోసం ఇవ్వాలనుకుంటారు. మాకు డబ్బు లేక పని ఆగిపోయేది అంతకు మూడు నాలుగేళ్ళ ముందు, ఆ స్థలంలో ముళ్ళకంప తప్ప ఏమీ లేనప్పుడు.

లెక్క ఇలా ఉంటుంది. మామూలు బిల్డర్ బ్యాంకు లోన్ తెచ్చుకుని కడతాడు, అమ్మో అద్దెకిచ్చో తీరుస్తాడు. అద్దె ఎంత వస్తుంది, మెయింటెనెన్స్ పోను ఎంత మిగులుతుంది, ఆ మిగిలినదానితో ఎంత అప్పు తీరుతుంది, బ్యాంకు చూసేది ఇదే. మేం అద్దెని కావాలనే తగ్గిస్తాం. అద్దె తగ్గితే మిగులు తగ్గుతుంది, మిగులు తగ్గితే లోన్ తగ్గుతుంది. సిమెంటు, స్టీలు, కూలి మాత్రం మాకని ఎవరూ తగ్గించరు. ఖర్చు వంద అనుకుంటే లోన్ నలభై దాటలేదనుకోండి, మిగతాది ఎక్కణ్ణించి రావాలి? కొంత ప్రభుత్వాలిస్తాయి. అమెరికాలో 1986లో ఒక చట్టం తెచ్చారు, తక్కువ అద్దె ఇళ్ళలో పెట్టుబడి పెట్టే కంపెనీలకి పన్నులో తగ్గింపు వస్తుంది. అప్పట్నుంచి అక్కడ ఇలాంటి ఇళ్ళు చాలావరకు దాని ఆసరాతోనే లేస్తున్నాయి. అయినా చివర్లో ఎంతో కొంత గ్యాప్ ఉంటుంది, ఆ గ్యాప్ పూడ్చడానికే విరాళాలు అనుకుంటారు చాలామంది. అది నిజమే కానీ సగమే.

మిగతా సగం మొదట్లో ఉంది. స్థలానికి అడ్వాన్స్, సర్వే, సాయిల్ టెస్ట్, ఆర్కిటెక్ట్ ఫీజు, లాయర్ ఫీజు, పర్మిషన్ల కోసం కట్టే డబ్బు. వీటికి బ్యాంకు అప్పివ్వదు, తాకట్టు పెట్టడానికి మా దగ్గర ఇంకా ఏమీ ఉండదు. గ్రాంట్ ఇచ్చేవాళ్ళు ప్లాన్ చూపించమంటారు, స్థలం మీ చేతిలో ఉన్నట్టు కాగితం చూపించమంటారు. స్థలం ఓనరేమో రెండు వారాల్లో ఏదో ఒకటి చెప్పండి, లేకపోతే ఇంకో పార్టీ రెడీగా ఉంది అంటాడు. ఆ ఇంకో పార్టీ దగ్గర డబ్బు చేతిలో ఉంటుంది. మంచి స్థలాలు, అంటే బస్సు దొరికేవీ బడి దగ్గరున్నవీ, మా చేతిలోంచి జారిపోయేది ఎక్కువగా ఇలాగే. చివరి గ్యాప్ ఎలా పూడ్చాలా అని మీటింగులు పెట్టుకునే లోపు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయిన ప్రాజెక్టులు ఎన్నో ఉంటాయి, వాటి గురించి ఎవరూ రాయరు, కట్టని ఇంటికి ఫొటో ఉండదు కాబట్టి.

ఒక పెద్దావిడ గురించి చెప్పాలి. భర్త పోయాక ఆయన వ్యాపారం అమ్మేశారు, వచ్చినదాంట్లో మంచి మొత్తమే ఇళ్ళకి ఇద్దామనుకున్నారు. మొదటిసారి కలిసినప్పుడే "మా ఆయన పేరు మీద నాలుగు ఇళ్ళు కట్టించమ్మా, తాళాలిచ్చే రోజు నేనూ వస్తాను" అన్నారు. పూర్తయిన బిల్డింగ్ ఒకటి తీసుకెళ్ళి చూపిస్తే అక్కడికక్కడే చెక్కు రాసేవారేమో. నేను ఖాళీ స్థలానికి తీసుకెళ్ళాను, ఆ రోజు అక్కడ సాయిల్ టెస్ట్ జరుగుతోంది. డ్రిల్లుతో పైకి తీసిన మట్టిని లోతు ప్రకారం ఒక పొడుగాటి చెక్కపెట్టెలో వరసగా పెడుతున్నారు, ప్రతి ముక్క పక్కనా ఎన్ని మీటర్ల కింద దొరికిందో రాసిన చీటీ. పైన నల్లమట్టి, దాని కింద పసుపురంగు బంకమట్టి, ఇంకా కింద గులకరాళ్ళు కలిసిన గట్టినేల. ఆవిడ ఆ నల్లమట్టి ముక్క తీసి వేళ్ళ మధ్య నలిపి, "దీని మీద ఇల్లు నిలబడుతుందా నాయనా?" అని ఇంజనీరుని అడిగారు.

"ఈ పొర మీద నిలబడదమ్మా. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగుళ్ళు ఇస్తుంది. పునాది ఆ గట్టినేల దాకా దించాలి. అది ఎంత లోతులో ఉందో తెలుసుకోవడానికే ఈ తవ్వకం."

"మరీ లోతుగా ఉంటే?"

"ఖర్చు కుదరకపోతే స్థలం వదిలేస్తాం."

ఆవిడ నా వైపు తిరిగారు. "అప్పుడు దీనికి పెట్టిన డబ్బు?"

పోతుందండీ, అన్నాను. ఈ మాట మెత్తగా చెప్పే పద్ధతులు చాలా ఉన్నాయి, నాకు అవేవీ ఇష్టం లేదు. పెద్ద మొత్తం ఇచ్చే మనిషికి అది ఎక్కడ పోయే అవకాశముందో ముందే తెలియాలి. పోకపోతే ఏమవుతుందో కూడా చెప్పాను. స్థలం కుదిరి, పర్మిషన్లు వచ్చి, నిర్మాణం లోన్ చేతికొచ్చిన రోజున, అప్పటిదాకా పెట్టిన ఈ ముందు ఖర్చులన్నీ ఆ ప్రాజెక్టు లెక్కలోంచి మా నిధికి తిరిగొస్తాయి. అదే డబ్బు ఇంకో స్థలానికి అడ్వాన్సుగా వెళుతుంది. నాలుగు ఇళ్ళకి ఇస్తే నాలుగు ఇళ్ళే, ఇక్కడ ఇస్తే అది తిరుగుతూనే ఉంటుంది. ఆవిడ వెంటనే ఏమీ అనలేదు. కొన్ని వారాల తర్వాత ఫోన్ చేసి, ఏడాదికి ఎన్ని స్థలాలు చూస్తారు, అందులో ఎన్ని వదిలేస్తారు, వదిలేద్దామని నిర్ణయించేది ఎవరు అని ఒక్కొక్కటే అడిగారు. ఇంత మంచి ప్రశ్నలు మా బోర్డులో కూడా ఎప్పుడో గానీ రావు. ఇవ్వాలనుకున్న మొత్తమంతా ఆ నిధికే ఇచ్చారు. గోడ మీద పేరు కూడా అడగలేదు.

ఇలా తిరిగే డబ్బు కొత్త ఆలోచనేం కాదు. 1862లో లండన్‌లో స్థిరపడ్డ అమెరికన్ బ్యాంకర్ జార్జ్ పీబాడీ అక్కడి పేదల ఇళ్ళ కోసం లక్షన్నర పౌండ్లు ఇచ్చాడు, తర్వాత పెంచుకుంటూ పోయి మొత్తం ఐదు లక్షలు చేశాడు. మొదటి బిల్డింగ్ 1864లో స్పిటల్‌ఫీల్డ్స్‌లో తెరిచారు. వచ్చిన అద్దెలతో మళ్ళీ కట్టారు. ఆ సంస్థ ఇప్పటికీ నడుస్తోంది, లక్షకు పైగా ఇళ్ళు ఉన్నాయి దాని చేతిలో. మొదట్లో వాటిలో కాస్త నిలకడైన జీతం ఉన్న కార్మికులకే చోటు దొరికింది, ఏ రోజు పని దొరుకుతుందో తెలియని నిరుపేదలు బయటే ఉండిపోయారని ఒక విమర్శ ఉంది. అది సరైన విమర్శే, ఈ రోజుకీ మమ్మల్ని వదలనిది అదే. ఎంత పేదవాళ్ళకి ఇల్లివ్వాలనుకుంటే అద్దె అంత తగ్గాలి, తిరిగొచ్చేది అంత తగ్గుతుంది, ఇంకెప్పటికీ తిరిగిరాని డబ్బు అంత ఎక్కువ కావాలి. అలా అని పీబాడీ ఇచ్చింది చిన్న విషయమైపోదు.

నాకు ఇంకా నచ్చేది 1865 నాటి సంగతి. లండన్‌లోనే ఆక్టేవియా హిల్ అనే యువతి, పాడుబడ్డ ఇళ్ళని బాగుచేసి పేదలకి అద్దెకిస్తానని అడిగితే, రచయిత జాన్ రస్కిన్ తన తండ్రి ఆస్తిలోంచి డబ్బు తీసి మూడు ఇళ్ళు కొనిచ్చాడు. ఏడాదికి ఐదు శాతం రాబడి వస్తే ఇంకొంతమంది ముందుకొస్తారన్నది ఆయన లెక్క. అది దానం కాదు పెట్టుబడి అనొచ్చు. కానీ ఎవరూ ముట్టుకోని చోట మొదటి డబ్బు ఆయనది, ఆ తర్వాత వేరేవాళ్ళు వచ్చారు. నేను దాతల దగ్గర మాట్లాడేది ఎక్కువగా ఈ మొదటి డబ్బు గురించే. ఈ మధ్యకాలంలో అయితే, 2022లో అమెరికన్ దాత మెకంజీ స్కాట్, పేదలకి ఇళ్ళు కట్టించే సంస్థ హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీకీ దాని అమెరికా శాఖల్లో 84కీ కలిపి 43.6 కోట్ల డాలర్లు ఇచ్చారు. అందరూ ఆ అంకె గురించే మాట్లాడుకున్నారు. మా పనిలో ఉన్నవాళ్ళం మాట్లాడుకున్నది, షరతులేవీ పెట్టకుండా ఇచ్చారన్న దాని గురించి.

రోజువారీ పని గురించి అడుగుతారు కాబట్టి కాస్త చెప్తాను. ఎక్కువ భాగం వినడమే. ఆ మనిషి చిన్నప్పుడు ఎన్ని ఇళ్ళు మారారో, ఇల్లు ఖాళీ చేయమన్న రోజు అమ్మ ఏం సర్దిందో, డబ్బున్నవాళ్ళలో ఇలాంటి జ్ఞాపకాలు ఉన్నవాళ్ళు మీరనుకునేదానికంటే ఎక్కువ. భార్యాభర్తలిద్దరూ కూర్చుంటే మాట్లాడకుండా ఉన్నవాళ్ళ వైపు చూడటం నేర్చుకోవాలి, నిర్ణయం చాలాసార్లు వాళ్ళదే. ఎంత మొత్తం కావాలో చెప్పి అడిగాక నోరు మూసుకోవాలి, మనమే కంగారుపడి "పోనీ సగమైనా పర్లేదు" అనేస్తే అవతలివాళ్ళు ఆలోచించడం అక్కడితో ఆగిపోతుంది. ఇంటికెళ్ళాక అదే రాత్రి అన్నీ రాసిపెట్టుకోవాలి. ఇక కమీషన్ గురించి. తెచ్చినదాంట్లో ఎంత శాతం నీకు అని అడుగుతుంటారు. ఏమీ లేదు, జీతమే. ఫండ్ రైజింగ్ చేసేవాళ్ళ వృత్తి నియమాల్లోనే శాతం లెక్కన తీసుకోకూడదని ఉంది. అది చాలా అవసరమైన నియమం. నాకు శాతం వచ్చేదైతే ఆ పెద్దావిడని ఖాళీ స్థలానికి కాదు, రంగులేసిన బిల్డింగ్‌కే తీసుకెళ్ళాలనిపించేది.

నేను చేయని పని ఒకటుంది. మా ఇళ్ళలో ఉండే కుటుంబాల్ని దాతల ముందు నిలబెట్టి కష్టాలు చెప్పించను. అడిగే దాతలు చెడ్డవాళ్ళు కాదు, తమ డబ్బు ఎవరికి చేరిందో చూడాలనుకుంటారు, అంతే. కానీ అద్దె కడుతూ ఉంటున్న మనిషి తన వంటింట్లో తెలియనివాళ్ళని నిలబెట్టుకుని కృతజ్ఞత చూపించాల్సి వస్తే ఆ ఇల్లు తనది ఎలా అవుతుంది? వాళ్ళంతట వాళ్ళు మాట్లాడతామంటే సంతోషం, అప్పుడు కూడా ఏం చెప్పాలో వాళ్ళ ఇష్టం. ఒకావిడ మీటింగుకి వచ్చి తన గురించి ఒక్క ముక్క చెప్పలేదు, మెట్ల దగ్గర లైటు ఆరిపోయి ఎన్నాళ్ళయిందో, బాగుచేయడానికి ఎందుకు ఆలస్యమవుతోందో చెప్పింది. మరమ్మతుల నిధి గురించి నేను ఎన్నిసార్లు చెప్పినా కదలని ఒక దాత ఆ రోజు దాని గురించే అడిగారు.

ఆ నిధి కూడా ఎవరికీ కనిపించనిదే. కట్టిన పదిహేను ఇరవై ఏళ్ళకి లిఫ్ట్ మార్చాలి, పైపులు మార్చాలి, టెర్రస్ లీకవుతుంది. అద్దె పెంచి చేయలేం, పెంచితే ఎవరి కోసం కట్టామో వాళ్ళే వెళ్ళిపోతారు. దగ్గర్లో పక్కాగా కట్టిన తక్కువ అద్దె ఇళ్ళు పాడుబడి కనిపిస్తే జనం అక్కడ ఉన్నవాళ్ళని అంటారు. నేనైతే ఆ బిల్డింగ్‌కి మరమ్మతుల నిధి ఉందా అని అడుగుతాను.

ఇంకో సంగతి, ఇది చెప్పడం ఇబ్బందే అయినా చెప్పాలి. మనసారా విరాళమిచ్చి, తమ వీధి చివర అవే ఇళ్ళు వస్తాయంటే వద్దని సంతకం పెట్టేవాళ్ళు ఉంటారు. ట్రాఫిక్ అంటారు, నీళ్ళు సరిపోవంటారు, ఇళ్ళ ధరలు పడిపోతాయంటారు. ఇవి వాళ్ళకి నిజమైన భయాలు, కొట్టిపారేయను, కూర్చుని ప్లాన్ ముందుపెట్టి మాట్లాడతాను. కానీ అలాంటి వాళ్ళని నేను ఇప్పుడు డబ్బు కంటే ముందు ఇంకొకటి అడుగుతున్నాను: పర్మిషన్ విచారణ రోజున వచ్చి రెండు నిమిషాలు మాట్లాడమని. ఆ కాలనీలో పాతికేళ్ళుగా ఉంటున్న మనిషి లేచి "మా పక్కన రానివ్వండి" అంటే ప్రాజెక్టు నెలల ఆలస్యం తప్పించుకుంటుంది, ఆలస్యం తప్పితే వడ్డీ తప్పుతుంది, ఖర్చు తగ్గుతుంది. కొందరు వచ్చారు. రాననేసినవాళ్ళలో ఇద్దరు ముగ్గురితో ఇంకా మాట్లాడుతూనే ఉన్నాను.

మీరెప్పుడైనా ఇళ్ళ కోసం పెద్ద మొత్తం ఇద్దామనుకుంటే, ఎవరికిచ్చినా సరే, ఆ సంస్థని ఇవి అడగండి: ఇప్పుడు డబ్బు లేక ఏ స్థలం దగ్గర ఆగిపోయారు? కిందటేడు ఏ స్థలాలు వదిలేశారు, ఎందుకు? కట్టినవాటికి మరమ్మతుల నిధి ఎంత ఉంది? ఖాళీ చేయించాల్సి వచ్చిన కుటుంబాలు ఉంటే అంతకుముందు వాళ్ళతో ఎన్ని నెలలు మాట్లాడారు? జవాబులు చెప్పేవాళ్ళు దొరికితే, షరతుల్లేకుండా ఇవ్వండి.